టికెట్టు ఉచితమే... వెల మాత్రం ఉంది!

'ప్రవేశం ఉచితం. అందరూ ఆహ్వానితులే.'

తెలుగువాళ్లకి ఈ మాట కొత్తేం కాదు. శ్రీరామనవమి పందిట్లో హరికథ, దసరా రోజుల్లో పాటకచేరీ... వీటికి టికెట్టు కొన్నవాళ్లెవరు? ఏటా పుష్య బహుళ పంచమికి తిరువయ్యారులో కావేరి ఒడ్డున జరిగే త్యాగరాజ ఆరాధనలో మహామహులు పాడతారు. అక్కడా అంతే. ఎవరైనా వెళ్లి కూర్చుని వినొచ్చు. ముందొచ్చిన వాళ్లకి ముందు వరస, వెనకొచ్చిన వాళ్లకి పందిరి గుంజ చాటు. అంతే తేడా!

మరి పాడేది కోల్డ్‌ప్లే బృందమైతే?

2024 సెప్టెంబరు 22 మధ్యాహ్నం 12 గంటలు. ముంబయిలో ఆ బ్రిటిష్ బృందం ఇవ్వబోయే కచేరీలకు బుక్‌మైషోలో టికెట్ల అమ్మకం మొదలైంది. వెబ్‌సైటూ యాపూ రెండూ కాసేపు చేతులెత్తేశాయి. టికెట్ల కోసం కోటీ 30 లక్షల మంది ప్రయత్నించారని తర్వాత ఆ సంస్థే ప్రకటించింది. అసలు ధర రూ.2,500 నుంచి రూ.35,000 దాకా. కాసేపటికే అవే టికెట్లు వేరే సైట్లలో లక్షల రూపాయలకు ప్రత్యక్షమయ్యాయి. నకిలీ టికెట్ల మీద పోలీసులకు ఫిర్యాదులూ వెళ్లాయి.

విచిత్రం ఏమిటంటే, అదే బృందం 2016లో అదే ముంబయిలో పాడినప్పుడు వచ్చినవాళ్లలో ఎక్కువమంది టికెట్టుకు రూపాయి కూడా పెట్టలేదు. అలాగని వాళ్లెవరికీ పలుకుబడి లేదు, పాసులిచ్చే బంధువులూ లేరు. వాళ్లు చేసిందల్లా కొన్ని చిన్నచిన్న పనులు!

పాట వినాలంటే పనిచెయ్యాలి

ఈ పద్ధతి వెనకున్నది గ్లోబల్ సిటిజన్ అనే సంస్థ. ఆస్ట్రేలియాకి చెందిన హ్యూ ఇవాన్స్ 2008లో 'గ్లోబల్ పావర్టీ ప్రాజెక్ట్' పేరుతో కడు పేదరికం మీద ప్రచారం ప్రారంభించాడు. పేదరికం గురించి ఉపన్యాసం అంటే వచ్చేది పదిమందే. పాట అంటే ఊరంతా కదులుతుంది. అలాంటప్పుడు పాటనే ఎరగా వేస్తే?

అలా 2012 సెప్టెంబరు 29న న్యూయార్క్ సెంట్రల్ పార్కులోని గ్రేట్ లాన్ మైదానంలో తొలి గ్లోబల్ సిటిజన్ ఫెస్టివల్ జరిగింది. నీల్ యంగ్, ఫూ ఫైటర్స్ లాంటివాళ్లు పాడితే సుమారు 60 వేల మంది విన్నారు. టికెట్లలో ఎక్కువభాగం డబ్బుకి కాకుండా పనికి ఇచ్చారు. పేదరికం మీద తీసిన వీడియో చూడటం, అర్జీ మీద సంతకం పెట్టడం, నలుగురికీ చెప్పడం... ఇవీ ఆ పనులు.

సెప్టెంబరు చివర్లోనే ఎందుకంటే, ఆ రోజుల్లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సమావేశాల కోసం ప్రపంచ నేతలంతా న్యూయార్కులోనే ఉంటారు. పార్కులో వేలమంది జనం, నాలుగడుగుల దూరంలో నాయకులు! అడగాల్సింది అడగడానికి అంతకన్నా మంచి సమయం ఏముంటుంది? తర్వాత కొవిడ్ వచ్చిన 2020ని మినహాయిస్తే ఆ పార్కులో ఈ పండుగ కొనసాగుతూనే వచ్చింది. 2015లో బియాన్సే, ఎడ్ షీరన్ పాడారు. 2025 సెప్టెంబరులో ద వీకెండ్, షకీరా పాడారు. 2018లో జొహానెస్‌బర్గ్‌లో, 2022లో ఘనా రాజధాని అక్రాలో కూడా ఇదే తరహా కచేరీలు జరిగాయి. మొదట్లో వెబ్‌సైట్లో నడిచిన వ్యవహారం ఆ తర్వాత సెల్‌ఫోన్ యాప్‌లోకి వచ్చేసింది.

యాప్‌లో ఏం జరుగుతుంది?

న్యూజెర్సీలో ఎమ్మెస్ చదువుకుంటున్న ఒక తెలుగు కుర్రాడున్నాడనుకోండి. ఫీజులు, అద్దె పోగా మిగిలేది అంతంతమాత్రం. వందల డాలర్లు పెట్టి కచేరీకి వెళ్లడం కుదిరే పని కాదు. అతను ఏం చేస్తాడంటే...

మొదట యాప్ దించుకుని పేరు, ఈమెయిల్ ఇచ్చి ఖాతా తెరుస్తాడు. అందులో పనుల జాబితా ఉంటుంది. ఆడపిల్లల చదువు గురించో, పిల్లల టీకాల గురించో, వాతావరణ మార్పుల గురించో నాలుగు ముక్కలు చదివి ప్రశ్నలకు జవాబులివ్వడం ఒక పని. ఫలానా దేశం ఫలానా నిధికి డబ్బివ్వాలని కోరే అర్జీ మీద సంతకం పెట్టడం మరో పని. నాయకులకు ఈమెయిల్ పంపడం, సోషల్ మీడియాలో సందేశం పెట్టడం, కొన్ని సందర్భాల్లో నేరుగా ప్రజాప్రతినిధి కార్యాలయానికి ఫోన్ చేయడం... ఇలా ఉంటాయి. ప్రతి పనికీ పాయింట్లు వస్తాయి. ఆ పాయింట్లతో టికెట్ల డ్రాలో పాల్గొనొచ్చు. ఎక్కువ పాయింట్లు పోగేస్తే ఎక్కువసార్లు పేరు వేసుకోవచ్చు.

ఆ పైన అదృష్టం! డ్రాలో పేరు వస్తే ఈమెయిల్ వస్తుంది. గడువులోగా 'వస్తున్నా' అని చెప్పాలి. మాట్లాడకుండా కూర్చుంటే ఆ అవకాశం ఇంకొకరికి పోతుంది. గెల్చిన టికెట్టును అమ్ముకోకూడదన్నది నిబంధన. ప్రయాణం, తిండి, బస ఎవరి ఖర్చు వారిదే. న్యూజెర్సీ కుర్రాడికైతే రైలు ఛార్జీతో పోతుంది. అదే హైదరాబాద్ నుంచి ప్రయత్నిస్తే టికెట్టు ఉచితమే కానీ వీసా, విమానం ఉచితం కావు మరి!

అన్నిటికన్నా ముఖ్యంగా గుర్తుంచుకోవాల్సింది, ఇది లాటరీయే. రాత్రంతా మేలుకుని పాయింట్లు కూడబెట్టినా పేరు రాకపోవచ్చు.

నోట్లు లేని రోజుల్లో...

మన దేశానికి ఈ పండుగ వచ్చింది 2016 నవంబరు 19న. ముంబయి బాంద్రా-కుర్లా కాంప్లెక్స్‌లోని ఎమ్ఎమ్ఆర్‌డీఏ మైదానం వేదిక. సరిగ్గా 11 రోజుల ముందు పెద్దనోట్లు రద్దయ్యాయి. దేశమంతా ఏటీఎంల ముందు బారులు తీరి ఉంది. ఆ రోజుల్లో ముంబయిలో వేలమంది కుర్రకారు జేబులో నోటు లేకపోయినా కచేరీకి వెళ్లారు. వాళ్ల టికెట్టు నోట్లతో కొన్నది కాదు కదా!

కోల్డ్‌ప్లేతో పాటు జే-జీ, ఏఆర్ రెహమాన్, అరిజిత్ సింగ్ పాడారు. ప్రధాని నరేంద్రమోదీ వీడియో ద్వారా మాట్లాడారు. ఆడపిల్లల చదువు, మంచినీరు-పారిశుద్ధ్యం, స్త్రీపురుష సమానత్వం... ఈ మూడింటి మీదా అభిమానులు పనులు పూర్తిచేసి టికెట్లు సంపాదించుకున్నారు. మరుగుదొడ్డి గురించి చదివితేనే రాక్ కచేరీకి దారి దొరకడం మన యువతకు అదే మొదటిసారి అయ్యుండాలి!

మరి ఖర్చు ఎవరిది?

వేదిక, దీపాలు, రక్షణ, కళాకారుల ప్రయాణాలు... ఇవేవీ ఉచితంగా రావు. ఎవరో ఒకరు కట్టాల్సిందే. కొంత కంపెనీల ప్రాయోజకత్వం నుంచి వస్తుంది. ముందు వరస కోరుకునే వాళ్లకు కొన్ని టికెట్లు డబ్బుకే అమ్ముతారు. ఒక్కోసారి ప్రభుత్వాలూ చెయ్యివేస్తాయి. 2016 కచేరీకి మహారాష్ట్ర ప్రభుత్వం వినోదపు పన్ను మినహాయించింది. ప్రజలకు రావాల్సిన పన్నును పాటలకు వదిలేస్తారా అని అప్పట్లో విమర్శలు కూడా వచ్చాయి.

ఇక అభిమాని కట్టేదేమిటి? డబ్బు కాదు. తన సమయం, తన పేరు. కంపెనీకి వేదిక మీద తన గుర్తు కనిపిస్తుంది. నాయకుడికి చప్పట్లు దక్కుతాయి. సంస్థకేమో 'ఇదిగో, ఇన్ని లక్షల మంది సంతకం పెట్టారు' అని ప్రభుత్వాలకు చూపించే బలం దొరుకుతుంది. ఆ బలం అభిమాని పేరుతో వచ్చిందే. అంటే ఈ లావాదేవీలో చెల్లే నాణెం... మన సంతకం!

చదివే పెట్టామా?

'ఫోన్ మీద వేలు నొక్కితే పేదరికం పోతుందా?' అన్నది మొదటినుంచీ ఉన్న ప్రశ్న. సోఫాలో కూర్చుని చేసే సేవ అని ఎగతాళి చేసేవాళ్లున్నారు. వేదిక మీద నాయకులు చేసే వాగ్దానాల్లో ఎన్ని నెరవేరతాయి, అసలు అవి కచేరీ వల్లనే వచ్చాయా, అంతకుముందే అనుకున్నవా అని నిలదీసేవాళ్లూ ఉన్నారు. సంస్థ వాదన వేరు. ఏ ప్రభుత్వమైనా ఎవరూ అడగని దానికి డబ్బు తియ్యదు, అడిగేవాళ్ల సంఖ్య పెంచడమే మా పని అంటుంది.

రెండు వాదనల్లోనూ నిజం ఉంది. ఒక్క సంతకంతో ఏమీ జరగదు. కానీ అర్జీ అనేది ఎప్పుడూ ఒక్క సంతకంతో ఆగలేదు. మన పల్లెల్లో చెరువుగట్టు కోసమో, బస్సు కోసమో కలెక్టరు గారికి ఇచ్చే అర్జీ సంగతే చూడండి. ఇంటింటికీ తిప్పుతారు. చదువురాని పెద్దాయన కూడా వేలిముద్ర వేసేముందు 'అందులో ఏం రాశారో ఓసారి చదివి వినిపించు నాయనా' అంటాడు. విన్నాకే వేలికి సిరా పూసుకుంటాడు. అందుకే ఆ వేలిముద్రకి విలువ.

డిగ్రీలు చదివిన మనం మాత్రం ఫోన్‌లో 'నేను అంగీకరిస్తున్నాను' అన్న గడిని చదవకుండానే నొక్కేస్తాం. టికెట్టు తొందరలో ఏ దేశాన్ని ఏం కోరామో కూడా గుర్తుండదు. లోపం యాప్‌ది కాదు, ఎర వేసినవాడిదీ కాదు. చదవకుండా పెట్టిన లక్ష సంతకాలకన్నా చదివి పెట్టిన వెయ్యి సంతకాలు గట్టివి. టికెట్టు రాకపోయినా 'ఫర్వాలేదు, ఈ పని చెయ్యదగ్గదే' అనిపించిన దానికే పేరివ్వడం మంచిది. అప్పుడు లాటరీ తగలకపోయినా నష్టపోయిందేమీ ఉండదు.

ఇంట్లో పిల్లలు అడిగితే...

'అమ్మా, ఫ్రీ టికెట్లంట!' అని పిల్లలు పరుగెత్తుకొస్తే కసురుకోవాల్సిన పనిలేదు. పక్కన కూర్చోబెట్టుకుని కలిసి చూడండి.

* యాప్‌ను ప్లేస్టోర్ లేదా యాప్‌స్టోర్ నుంచే దించుకోవాలి. వాట్సప్‌లో వచ్చే లింకులు, ఏపీకే ఫైళ్లు ముట్టుకోవద్దు. వాటితో ఖాతాలు ఖాళీ అయిన సంఘటనలు మన దగ్గర చాలానే ఉన్నాయి.

* కచేరీ నిజంగా ఉందా, తేదీ, వేదిక ఏమిటన్నది నిర్వాహకుల సొంత వెబ్‌సైట్లో సరిచూసుకోవాలి.

* 'మీకు టికెట్టు వచ్చింది, ప్రాసెసింగ్ ఫీజు కట్టండి' అన్నారంటే అది మోసమే అనుకోండి. ఉచిత టికెట్టుకు ఓటీపీ, యూపీఐ పిన్, కార్డు నంబరుతో పనేముంది?

* ఇలాంటి వాటికోసం వేరే ఈమెయిల్ ఒకటి పెట్టుకుంటే మేలు. ఫోన్‌లోని పరిచయస్తుల నంబర్లు, ఫొటోలు చూసే అనుమతి అడిగితే ఇవ్వక్కర్లేదు.

* ఎన్నేళ్లు నిండినవాళ్లు పాల్గొనొచ్చో నిబంధనల్లో ఉంటుంది, చూడండి. మన దేశంలో 2023లో చేసిన వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం కూడా 18 ఏళ్లలోపు పిల్లల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అంగీకారం ఉండాలంటోంది. పుట్టిన సంవత్సరం మార్చి చెప్పడం పిల్లలకు అలవాటు చేయొద్దు.

* పాల్గొనే ముందు ఒక ప్రశ్న అడగండి: 'నువ్వు సంతకం పెడుతున్నది దేనికి?' జవాబు చెప్పగలిగితే పెట్టనివ్వండి. చెప్పలేకపోతే ఇద్దరూ కలిసి చదవండి.

* పొరపాటున డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

ఒక ఆదివారం పూట ఇంటిల్లిపాదీ కూర్చుని ఇలా ఒక్క అర్జీ అయినా పూర్తిగా చదివితే, ఎక్కడో ఆఫ్రికాలో బడికి వెళ్లలేని అమ్మాయి గురించి మనింటి అమ్మాయికి నాలుగు సంగతులు తెలుస్తాయి. డ్రాలో పేరొస్తే సంతోషం. రాకపోతే... యూట్యూబ్‌లో పాట ఎటూ ఉంది, దానికి పాయింట్లూ అక్కర్లేదు!