హోంవర్క్ అమ్మ చెవిన పడాలి

మట్మారి, చుట్టుపక్కల ఊళ్ల తల్లిదండ్రులకు, ఎస్‌డీఎంసీ (పాఠశాల అభివృద్ధి, పర్యవేక్షణ సమితి) సభ్యులకు, ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులకు విన్నపం.

రాయచూరు నుంచి మంత్రాలయం రోడ్ స్టేషనుకు పోయే రైలు దారి వెంట ఉన్న మన ఊళ్లలో ఎన్నో ఇళ్ల మాట తెలుగు, బడి మాట కన్నడం. అది మనకు కొత్త కాదు, బరువూ కాదు. సంతలో, బస్సులో, పంచాయతీ ఆఫీసులో రెండు భాషలూ కలిసే నడుస్తున్నాయి. చిక్కు వచ్చేది సాయంత్రం, పిల్లల సంచి తెరిచినప్పుడు. అందులోని హోంవర్క్ కన్నడ అక్షరాల్లో ఉంటుంది. 2011 జనగణన ప్రకారం రాయచూరు జిల్లాలో అక్షరాస్యత 59.56 శాతం, ఆడవాళ్లలో 48.73 శాతం మాత్రమే. ఆ లెక్క పాతదే, ఇప్పుడు కొంత మెరుగై ఉంటుంది. కానీ ఆనాడు పదీ పన్నెండేళ్ల వయసులో బడి మానేసిన ఆడపిల్లలే ఇవాళ చిన్న తరగతుల పిల్లలకు తల్లులు. ఏటి అవతలి కర్నూలు పల్లెల నుంచి కోడళ్లుగా వచ్చినవాళ్లలో చదువుకున్నవాళ్లు ఉన్నా, వాళ్లు చదువుకున్నది తెలుగులో. అందుకని హోంవర్క్ ఇంటికైతే వస్తోంది గాని ఇంట్లోవాళ్లకు అందడం లేదు. ఆ నోట్‌బుక్‌లో ఏముందో తెలియని తల్లి అడగగలిగేది ఒక్కటే, "రాసినావా?" అని. రాశానంటే ఆ సంగతి అక్కడితో సరి.

ఈ కరపత్రం కోరేది ఇదీ: ప్రాథమిక తరగతుల హోంవర్క్‌ను టీచరు గొంతుతో, ఫోను ద్వారా, కన్నడంలోనూ తెలుగులోనూ ఇంటికి వినిపించాలి. వారానికొకసారి టీచరు ఫోను చేసి పిల్లతో, పక్కనున్న పెద్దలతో మాట్లాడాలి. ఆన్‌లైన్ చదువు పేరుతో కొత్త యాప్ గాని, వీడియో పాఠాలు గాని, ట్యాబ్‌లు గాని అడగడం లేదు.

ఎందుకు అడగడం లేదో కొవిడ్‌తో బడులు మూతపడిన 2020 అనుభవం చెబుతుంది. ఆ ఏడాది జూన్‌లో కర్ణాటక ప్రభుత్వం చిన్న తరగతులకు ఆన్‌లైన్ పాఠాలు వద్దంది, జులై 8న హైకోర్టు ఆ ఉత్తర్వులను నిలిపేసింది. పట్నాల్లో ఆ వాదం సాగుతుండగా ప్రభుత్వ బడుల పిల్లల కోసం ఆగస్టులో విద్యాగమ కార్యక్రమం మొదలైంది. అందులో ఒక తెలివైన పని జరిగింది. నెట్ ఉన్న ఫోను గల ఇళ్లు, మామూలు ఫోను గల ఇళ్లు, ఏదీ లేని ఇళ్లు అని పిల్లలను విడదీసి, ఎవరికి తగ్గ దారిలో వాళ్లను చేరాలని టీచర్లకు చెప్పారు. గుడి అరుగుల మీద, చెట్ల నీడన పిల్లలను కూర్చోబెట్టి చెప్పిన పాఠాలు కొవిడ్ భయంతో అక్టోబరులో ఆగాయి గాని, ఇల్లు ఎలా ఉందో చూసి దారి వెతకాలన్న ఆ పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది. పల్లె పిల్లల చదువుపై దేశవ్యాప్తంగా జరిగే అసర్ సర్వేలో, 2021 నాటికి బడి పిల్లలున్న గ్రామీణ ఇళ్లలో 67.6 శాతానికి స్మార్ట్‌ఫోను ఉంది, కానీ అలాంటి ఇళ్ల పిల్లల్లోనే నాలుగో వంతుకు పైగా ఆ ఫోను చేతికి అందలేదు. ఫోను నాన్న జేబులో పొలానికో, పనికో పోతుంది కదా. 2024 సర్వేలో పద్నాలుగు నుంచి పదహారేళ్ల వాళ్లను అడిగారు. ఫోను వాడటం తెలిసినవాళ్లలో అంతకుముందు వారంలో చదువుకు వాడింది 57 శాతం, సోషల్ మీడియాకు వాడింది 76 శాతం. ఫోను ఇంట్లో ఉన్నంత మాత్రాన అది చదువుకు ఉపయోగపడదు. అవతలి వైపు పిల్లకు తెలిసిన మనిషి ఉండాలి.

దీనికి గట్టి రుజువు బోట్స్వానా నుంచి వచ్చింది. 2020లో బడులు మూతపడినప్పుడు అక్కడ దాదాపు 4,500 కుటుంబాలతో ఒక పరీక్ష చేశారు. కొందరికి వారం వారం చిన్న లెక్కలు ఎస్సెమ్మెస్‌లో పంపారు. మరికొందరికి ఎస్సెమ్మెస్‌తో పాటు పదిహేను ఇరవై నిమిషాల ఫోను కూడా చేసి, స్పీకరు పెట్టించి, పిల్లతోనూ పెద్దలతోనూ మాట్లాడారు. ఎస్సెమ్మెస్ మాత్రమే అందినవాళ్లకు చెప్పుకోదగ్గ మేలు జరగలేదు. ఫోను వచ్చిన ఇళ్ల పిల్లలు లెక్కల్లో స్పష్టంగా ముందుకొచ్చారు. తర్వాత భారత్, కెన్యా, నేపాల్, ఫిలిప్పీన్స్, ఉగాండాల్లో ఇదే చేసి చూస్తే ఫోను మాట అన్నిచోట్లా పనిచేసింది. నేపాల్, ఫిలిప్పీన్స్‌లలో ప్రభుత్వ టీచర్లు చేసినా ఫలితం తగ్గలేదు. మన రాష్ట్ర విద్యాశాఖ కూడా "గణిత గణక" పేరుతో మూడు నుంచి ఐదు తరగతుల పిల్లలకు టీచర్ల చేత ఫోనులో లెక్కలు చెప్పించే పని మొదలుపెట్టింది. కాబట్టి మనం అడిగేది గాలిలోంచి తీసింది కాదు. లెక్కలకు సాగుతున్న దారిని హోంవర్క్ వరకు, తెలుగు మాట్లాడే ఇంటి వరకు పొడిగించమంటున్నాం.

ఇది ఎలా నడుస్తుందో చెప్పాలి. బడి వదిలే ముందు క్లాసు టీచరు నిమిషంలోపు ఒక వాయిస్ మెసేజ్ చేసి తల్లిదండ్రుల ఫోను గ్రూపులో పెడతారు. ముందు కన్నడంలో, వెంటనే తెలుగులో. టీచరుకు తెలుగు రాకపోతే రెండూ వచ్చిన పై తరగతి విద్యార్థి ఆ నాలుగు మాటలు చెప్పవచ్చు. పని కూడా ఇంట్లో మాటతో జరిగేదిగా ఉండాలి. కిలో మిరపకాయల ధర అమ్మనడిగి, మూడు కిలోలకు ఎంతవుతుందో చెప్పడం. పత్తి ఏరిన కూలి లెక్క నాన్నతో కలిసి వేయడం. అవ్వ చెప్పిన కథ విని, మర్నాడు క్లాసులో కన్నడంలో చెప్పడం. 2020 నాటి కేంద్ర స్కూల్ బ్యాగ్ విధానం కూడా దీనికి అడ్డు రాదు. రెండో తరగతి దాకా హోంవర్క్ వద్దని, సాయంత్రం ఏం చేశారో, ఏం ఆడారో, ఏం తిన్నారో పిల్లల చేత క్లాసులో మాట్లాడించమని అది చెబుతుంది. మూడు నుంచి ఐదు తరగతులకు వారానికి రెండు గంటలే పరిమితి. మన ఇళ్లకు కావలసిన హోంవర్క్ అలాంటిదే.

తల్లికి చదువు రాకపోతే వినిపించి ఏం లాభం అనేవారుంటారు. లాభం ఉంది. కూలి లెక్క నోటితో తప్పు లేకుండా వేసే తల్లికి మూడో తరగతి లెక్క చేతకాదనడం సరికాదు. ఆమెకు రానిది అక్షరం మాత్రమే. తన ఇంటి మాటలోనే టీచరు తనను అడిగారని తెలిస్తే, పిల్ల చదువు తన పని కూడా అన్న నమ్మకం ఆమెకు కలుగుతుంది.

తెలుగు చొరబడితే పిల్లల కన్నడం దెబ్బతింటుందన్న భయం దీనికంటే పెద్దది, దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. రేపు ఎస్‌ఎస్‌ఎల్‌సీ రాయాలన్నా, రాయచూరులో ఉద్యోగం చేయాలన్నా ఈ పిల్లలకు మంచి కన్నడం కావాలి. అందుకే మెసేజ్ కన్నడంతో మొదలవ్వాలని, మర్నాడు పిల్ల కన్నడంలోనే చెప్పాలని కోరుతున్నాం. తెలుగులో అర్థమైన సంగతిని కన్నడంలో చెప్పడం, అర్థం కాని కన్నడాన్ని చూసి రాయడం కంటే మంచి కన్నడ అభ్యాసం.

టీచర్ల పని భారం నిజమైనదే. జనగణన, ఎన్నికలు, మధ్యాహ్న భోజనం లెక్కలు అన్నీ వాళ్ల మీదే పడుతున్నాయి. అందుకే రోజూ ఒక్క నిమిషం మెసేజ్ చాలంటున్నాం. వారం ఫోన్లను కూడా బడి వేళల్లోనే ఒక పీరియడ్‌గా చూపాలి, లేకుంటే అవి రెండు నెలల్లో ఆగిపోతాయి. హోంవర్క్ చేసినట్టు ఫొటోలు తీసి పంపమనే అలవాటు అసలు రాకూడదు. అది తల్లికీ టీచరుకూ కూడా వెట్టి అవుతుంది. టీచర్ల సొంత నంబర్లు వాడకుండా బడికి ఒక ఫోను, దాని రీచార్జ్ పంచాయతీ ఇవ్వాలి. గ్రూపులో టీచర్లే మెసేజ్ పెట్టేలా ఉంచాలి, తల్లుల నంబర్లు బయటికి పోకుండా చూడాలి. స్మార్ట్‌ఫోను లేని ఇంటికి మామూలు ఫోనుకే కాల్ చేయాలి. ఏ ఫోనూ లేని పిల్లలకు ఇంటికి పోయే ముందు టీచరే ఆ మాట మరోసారి చెప్పి, పక్కింటి పిల్లతో జత చేయాలి. ఆ ఇళ్ల పేర్లు ఎస్‌డీఎంసీకి తెలిసి ఉండాలి.

పనుల కోసం బెంగళూరుకో, హైదరాబాదుకో పిల్లలతో సహా వలసపోయే కుటుంబాలకు ఈ పద్ధతి అందరికంటే ఎక్కువ అవసరం. బిడ్డ నెలల తరబడి బడికి దూరమైతే తిరిగి వచ్చాక ఆ క్లాసులో కుదురుకోవడం కష్టం. తట్టలూ బుట్టలూ ఇక్కడే మిగిలినా ఫోను వాళ్లతోనే పోతుంది. వారానికొక కాల్ ఆ పిల్లను బడి రిజిస్టరులోనే కాక బడి మాటలో కూడా ఉంచుతుంది. సంచిలో పోయే నోట్‌బుక్ ఈ పని చేయలేదు.

కాబట్టి వచ్చే ఎస్‌డీఎంసీ సమావేశంలో ఈ తీర్మానం పెట్టమని కోరుతున్నాం. మొదట మూడో తరగతికి మాత్రమే, బడి తెరిచిన దగ్గర నుంచి దసరా సెలవుల దాకా. మొదటి వారంలో ప్రతి పిల్ల చేత ఒక చిన్న కన్నడ పేరా చదివించి, రెండంకెల తీసివేత చేయించి టీచరు రాసి పెట్టుకోవాలి. సెలవులకు ముందు మళ్లీ అదే చేయించి, రెండు ఫలితాలనూ తల్లిదండ్రుల ముందు చదివి వినిపించాలి. మెరుగు కనబడితే మిగతా తరగతులకు పొడిగించమని బీఈవో గారిని అడుగుదాం. కనబడకపోతే ఎక్కడ తప్పిందో అదే సమావేశంలో టీచర్లూ తల్లులూ కలిసి తేల్చుకుందాం.