టెక్సస్‌లో ఓటుకు కావలసిన పత్రాలు

ఓటు వేయడానికి వచ్చినవారు ఫొటో ఉన్న గుర్తింపు పత్రం చూపాలంటూ టెక్సస్ 2011లో ఎస్‌బీ 14 చట్టం చేసింది. ఎన్నికల నిబంధనలు మార్చే ముందు కేంద్రం అనుమతి పొందాలన్న షరతు అప్పట్లో టెక్సస్‌కు వర్తించేది. 2013 జూన్ 25న షెల్బీ కౌంటీ కేసులో సుప్రీంకోర్టు తీర్పుతో ఆ అడ్డు తొలగింది. చట్టాన్ని అమలు చేస్తామని రాష్ట్రం ఆ రోజే ప్రకటించింది.

ఒకరి ఓటు మరొకరు వేయకుండా ఆపడం చట్టం లక్ష్యం. అంతకుముందు పదేళ్లలో పోలైన సుమారు 2 కోట్ల ఓట్లలో ఆ నేరానికి శిక్ష పడింది రెండు కేసుల్లోనే. చెల్లే పత్రం లేని నమోదిత ఓటర్లు మాత్రం 6 లక్షల పైమాటేనని ఈ చట్టంపై కేసును విచారించిన ఫెడరల్ కోర్టు తేల్చింది. తుపాకీ లైసెన్సు చెల్లుతుంది, విశ్వవిద్యాలయం కార్డు చెల్లదు. గుర్తింపు అడగడం సబబే. కానీ దాన్ని సంపాదించే భారమంతా పేదల మీద, కారు నడపలేని వృద్ధుల మీద వేయడం అన్యాయం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఓటరు కార్డు లేకపోయినా ఆధార్, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఫొటో ఉన్న బ్యాంకు పాస్‌బుక్ వంటివి చూపి ఓటు వేయవచ్చు.

2016లో ఫిఫ్త్ సర్క్యూట్ అప్పీలు కోర్టు ఈ చట్టం ప్రభావం వివక్షాపూరితమని తేల్చాక కొంత సడలింపు వచ్చింది. ఫొటో పత్రం తెచ్చుకోలేనివారు కారణం రాసి సంతకం చేసి, కరెంటు బిల్లు వంటిది చూపి ఓటు వేయవచ్చు. 2017లో ఇది చట్టమైంది.

పౌరసత్వం తీసుకున్న తెలుగువారికి అమెరికా పాస్‌పోర్టు, ఫొటో ఉన్న పౌరసత్వ పత్రం, టెక్సస్ డ్రైవింగ్ లైసెన్సు చెల్లుతాయి. భారత పాస్‌పోర్టు, ఓసీఐ కార్డు పనికిరావు. డెబ్బై ఏళ్లు దాటినవారి పత్రానికి గడువు ఎప్పుడు తీరినా ఫరవాలేదు. మనవారికి ఎక్కువగా ఎదురయ్యే చిక్కు పేరుది: ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక, మరోచోట పొడి అక్షరాల్లో ఉంటుంది. పేర్లు దాదాపు ఒకటేనని అధికారి భావిస్తే, ఆ వ్యక్తి తానేనని ఓటరు ధ్రువీకరించి ఓటు వేయవచ్చు. నమోదు పత్రంలోనే పేరు సరిచేయించుకుంటే ఆ ఇబ్బందీ ఉండదు.

పత్రం ఉన్నా భాష అడ్డు రావచ్చు. 2014లో విలియమ్సన్ కౌంటీలో భారత సంతతికి చెందిన ఒక తల్లికి అనువదించి చెప్పేందుకు వచ్చిన కొడుకును, అతని ఓటు ఆ కౌంటీలో లేదని అధికారులు అనుమతించలేదు. ఆ నిబంధన ఓటు హక్కు చట్టంలోని 208వ సెక్షన్‌కు విరుద్ధమని 2017లో ఫిఫ్త్ సర్క్యూట్ తీర్పు చెప్పింది. ఇంగ్లిషు చదవలేని ఓటరు తనకు నచ్చినవారిని బ్యాలెట్ దాకా వెంట తీసుకెళ్లవచ్చు. పని ఇచ్చే యజమాని, అతని ప్రతినిధి, కార్మిక సంఘం ప్రతినిధి మాత్రం ఆ సాయం చేయకూడదు.