గోడలు తీసి చూపిన ఇల్లు

మన చిత్రకారులకు ఇంటి లోపలి భాగమును చిత్రించుట తెలియదనియు, బొమ్మలను చదునుగా పేర్చుటయే వారి విద్యయనియు చదువుకొన్నవారు పలువురు అనుచుందురు. పిల్లలు అటుల ఇల్లు గీసినచో మార్కులు తగ్గించు ఉపాధ్యాయులును కలరు. ఈ అభిప్రాయము సరికాదని మేము గట్టిగా చెప్పుచున్నాము.

దూరపు వస్తువును చిన్నదిగను, గోడల గీతలు ఒక్క బిందువున కలియునట్లును గీయు పద్ధతి ఇటలీలో పుట్టినది. 1435లో ఆల్బెర్తి పండితుడు దానిని గ్రంథస్థము చేయుచు చిత్రమును కిటికీతో పోల్చెను. గొప్ప పద్ధతియే, కాదనము. కాని కిటికీకడ నిలిచి చూచువాడు వచ్చిపోవువాడు. ఇల్లాలు తన ఇంటిని అటుల చూచునా? పొయ్యికడ నున్నను పెరడును, నట్టిల్లును, ఊయలలోని బిడ్డయు ఆమెకు ఒక్కమారే తెలియుచుండును.

మనకు పొరుగున నున్న శ్రీకాళహస్తి కలంకారీని చూడుడు. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డపై చిత్రకారుడు వెదురు కలముతో రెండు స్తంభములు, ఒక కమాను గీసిన అది అంతఃపురమగును. గోడ మనుష్యుని మరుగుపరుపదు. ప్రక్క గడిలో అడవి, ఆ ప్రక్క సభ, వానితో తెలుగు వ్రాత. ఇది చేతకానితనమా? ఈ విద్యకే 2008లో జొన్నలగడ్డ గురప్పశెట్టిగారికి పద్మశ్రీ లభించినది. ఫ్రాన్సు దేశపు మాతీస్ 1911లో తన చిత్రశాలను గోడకు నేలకు భేదము లేక ఒకే ఎరుపులో ముంచి చిత్రించెను. పిదప లోకము దానిని నవీనమని మెచ్చినది. అతనిది నవ్యత, మనవారిది మోటుతనమా?

ఈ వాదము మనకేల యందురేమో. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ప్రాంతము ఆంధ్రప్రదేశ్ నుండి మద్రాసు రాష్ట్రమున చేరినది. 2006 నాటి చట్టముతో బడులలో తమిళము నిర్బంధమైనది. తమిళముపై మాకు ద్వేషము లేదు. అది మనకు అన్నము పెట్టిన భాష. ఐనను ఆర్.కె.పేటలో తెలుగునకు నిలకడయైన చోటు గడప లోపలనే కలదు. ఆ లోపలయు మారిపోవుచున్నది. మరమగ్గములు వచ్చి గుంటమగ్గములు తగ్గినవి. తొట్టికట్టు ఇండ్లు పోయి మిద్దెలు లేచుచున్నవి. గుంటలో మగ్గము తొక్కు నేతగాని కాళ్ళను కిటికీ చిత్రము చూపజాలదు. నేలను కోసియైనను మన పద్ధతి చూపగలదు.

కావున సంఘములవారు పోటీలలో గోపురములను, విగ్రహములను మాత్రమే అడుగుట మాని, ఇంటి లోపలిని గీయుమని పిల్లలను కోరవలెను. ఏ గదిని అవ్వ ఏమని పిలుచునో బొమ్మపై తెలుగున వ్రాయింపవలెను. రాబోవు పోటీనుండియే ఇది జరుగవలెనని పెద్దలకు మనవి చేయుచున్నాము.