రాత్రి కాళ్ళపీకుడు, పగలు మతిమరుపు

మన మీటింగుల్లో స్త్రీల ఆరోగ్యం మాట వస్తే గర్భసంచి ఆపరేషన్లు, కాన్పులు, కుటుంబ నియంత్రణ గురించి మాట్లాడుకుంటాం. మాట్లాడుకోవాల్సిందే. కానీ స్త్రీల నిద్ర గురించి చర్చ జరిగినట్లు నాకు గుర్తు లేదు. అందరికన్నా చివర పడుకుని అందరికన్నా ముందు లేచే మనిషి నిద్రను ఎవరు లెక్కపెడతారు?

"పడుకోగానే కాళ్ళు లోపల్నించి పీకేస్తాయక్కా. చీమలు పాకినట్టుంటుంది. లేచి నాలుగడుగులు వేస్తే సర్దుకుంటుంది, పడుకుంటే మళ్ళీ మొదలు." ఈ మాట నేను చాలా ఊళ్ళలో విన్నాను. పిక్కలకు గుడ్డ బిగించి కట్టుకుంటారు, పిల్లల చేత తొక్కించుకుంటారు. డాక్టరు దగ్గరికి వెళితే 'నరాల బలహీనత' అని ఒక సూది, లేకపోతే 'టెన్షన్ తగ్గించుకోమ్మా' అని ఒక సలహా. సలహాకు ఖర్చు లేదు కదా!

దీనికి వైద్యశాస్త్రంలో పేరుంది: రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్. స్వీడన్ వైద్యుడు ఎక్‌బామ్ 1945లో ఆ పేరు పెట్టాడు. మగవాళ్ళకంటే ఆడవాళ్ళలో దాదాపు రెండింతలు ఎక్కువ. గర్భిణులకు చివరి మూడు నెలల్లో మరీ ఎక్కువ.

పేరు కాళ్ళదే గానీ మూలం మెదడులో ఉంది. డోపమైన్ అనే రసాయనం తయారవడానికి మెదడుకు ఇనుము కావాలి. ఈ బాధ ఉన్న చాలామందిలో, కదలికలను అదుపు చేసే మెదడు భాగంలో ఇనుము తక్కువగా ఉన్నట్లు స్కానింగుల్లోనూ, చనిపోయినవారి మెదళ్ళ పరీక్షల్లోనూ తేలింది. పైగా ఎక్కువమందికి నిద్రలో కూడా కాళ్ళు అరనిమిషానికోసారి తమంతట తామే కదులుతుంటాయి. చాలాసార్లు ఆ కదలికతో పాటు మెదడు క్షణంపాటు మేలుకుంటుంది. ఆమెకు తెలియదు. పగలు నేర్చుకున్నది, విన్నది మెదడు పదిలపరుచుకునేది గాఢనిద్రలో. ఆ నిద్రే ముక్కలైతే మర్నాడు మనసు నిలవదు, మాట తట్టదు, లెక్క తప్పుతుంది. ఇలాంటి రోగుల జ్ఞాపకశక్తినీ ఏకాగ్రతనూ పరీక్షిస్తే అందరికీ ఒకే ఫలితం రాలేదు, నిజమే. కానీ నిద్ర చెడితే జ్ఞాపకం చెడుతుందన్న విషయంలో సందేహం లేదు.

అసలు అన్యాయం ఇక్కడే ఉంది. పొదుపు సంఘం పుస్తకంలో అంకె తప్పు రాసిన స్త్రీని 'దీనికి మతి లేదు' అంటారు. అంగన్‌వాడీ రిజిస్టరులో పేరు తప్పిపోతే మెమో ఇస్తారు. ఇంట్లో పాలు పొంగిపోతే తిట్లు సరే సరి. రాత్రి నిద్రపోయావా అని అడిగినవాళ్ళు లేరు. కొన్నాళ్ళకు ఆమే 'నా బుర్ర పనిచేయదు' అనుకుని సంఘంలో బాధ్యతలు వద్దంటుంది. మనం కూడా సరేననేసి ఇంకొకరిని వెతుక్కుంటున్నాం.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఆఖర్న మిగిలింది తినే ఆడవాళ్ళున్న ఇళ్ళలో ఇనుము ఎక్కణ్ణించి వస్తుంది? ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూసేది సాధారణంగా హిమోగ్లోబిన్ ఒక్కటే. హిమోగ్లోబిన్ సరిగా ఉన్నా ఒంట్లో ఇనుము నిల్వ అడుగంటి ఉండొచ్చు. అది తెలిసేది ఫెర్రిటిన్ పరీక్షలో. ఈ బాధ ఉన్నవారిలో ఫెర్రిటిన్ 75 లేదా అంతకంటే తక్కువ ఉంటే ఇనుము ఇచ్చి చూడమని నిపుణుల సూచన. లాబ్ రిపోర్టులో మాత్రం అంతకంటే చాలా తక్కువ అంకె ఉన్నా 'నార్మల్' అనే వస్తుంది, కాబట్టి అంకె ఎంతో అడగాలి. పరీక్ష లేకుండా సొంతంగా మాత్రలు మింగడం మంచిది కాదు. జలుబుకు, దురదకు వాడే మత్తు మాత్రలు, వాంతులకిచ్చే కొన్ని మందులు కాళ్ళపీకుడును పెంచుతాయని కూడా చెప్పాలి.

ఫెర్రిటిన్ పరీక్ష ప్రభుత్వాసుపత్రుల్లో, కనీసం గర్భిణులకూ ఈ బాధ చెప్పుకున్నవారికీ, ఉచితంగా చేయాలని మనం అడగాలి. ఈసారి మీ సంఘం కూర్చున్నప్పుడు రాత్రిళ్ళు కాళ్ళు ఎవరికి పీకుతున్నాయో అడిగి, చేతులెత్తినవారిని లెక్కపెట్టి రాయండి. వినతిపత్రంతో జిల్లా వైద్యాధికారి దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆ లెక్క మన చేతిలో ఉండాలి.