ఉద్దానంలో 'తలనొప్పే కదా' అనే మాట

"తలనొప్పే కదా, ఓ మాత్ర వేసుకో." సోంపేటలోనైనా, పలాసలోనైనా, టెక్కలిలోనైనా రోజూ వినబడే మాట ఇది. చెప్పేవాళ్ళు మంచికే చెబుతారు. క్లస్టర్ తలనొప్పి ఉన్న మనిషి విషయంలో మాత్రం ఈ సలహా పనికిరాదు. ఆ మనిషిది కిడ్నీ జబ్బుతో సతమతమయ్యే ఉద్దానం ప్రాంతమైతే ఇది ప్రమాదం కూడా.

ఈ నొప్పి చాలామందికి అర్ధరాత్రి దాటాక, గడియారం చూసుకుని వచ్చినట్టు వస్తుంది. ఒక పక్కే, కంటి వెనక. ఆ కన్ను ఎర్రబడి నీరు కారుతుంది, రెప్ప వాలిపోతుంది, ఆ పక్క ముక్కు మూసుకుపోతుంది. పార్శ్వపు నొప్పి వచ్చినవాళ్ళు చీకటి గదిలో కదలకుండా పడుకుంటారు. ఇది వచ్చినవాడు పడుకోలేడు, కూర్చోలేడు. వాకిట్లో అటూ ఇటూ తిరుగుతాడు, తల గోడకేసి కొట్టుకుంటాడు. ఒక్కో విడత పావుగంట నుంచి మూడు గంటల దాకా. రోజుకు ఎనిమిది విడతలు కూడా రావచ్చు. కొబ్బరి గెలలో కాయల్లా కొన్ని వారాలో నెలలో వరసగా వచ్చి, తర్వాత నెలల తరబడి జాడ ఉండదు. క్లస్టర్ అనే పేరు అందుకే.

తెల్లారేసరికి మనిషి మామూలుగానే కనబడతాడు. అతనికి చేటు చేసేది అదే. రాత్రి చూసినవాళ్ళు ఎర్రబడ్డ కన్ను, వాలిన రెప్ప, ఆ తిరుగుడు చూసి తాగొచ్చాడంటారు. నిజానికి నొప్పి విడతలు నడిచే రోజుల్లో చుక్క తాగినా నొప్పి లేస్తుందని తెలిసి మానుకున్నవాళ్ళు ఎందరో. ఇంట్లో దిష్టి తీస్తారు. ఒకరు సైనస్ అంటారు, ఇంకొకరు పన్ను అంటారు. బాగున్న పళ్ళు పీకించుకున్నవాళ్ళు వేరే దేశాల్లోనూ ఉన్నారు. అమెరికా వైద్యుడు బేయర్డ్ హార్టన్ దీన్ని 1939లోనే వివరంగా రాశాడు. వెయ్యిమందిలో సుమారు ఒకరికి వచ్చే జబ్బు ఇది. ఆ లెక్కన మండలానికి కొన్ని పదుల మంది ఉంటారు.

ఇక మాత్ర సంగతి. అది కడుపులో కరిగి రక్తంలో కలిసేసరికి విడత దానంతటదే తగ్గుముఖం పడుతుంది. తగ్గించింది మాత్రే అనుకుంటాడు. మర్నాడు రెండు వేసుకుంటాడు. ఆపై నొప్పి ఇంజెక్షన్. డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ లాంటివి కిడ్నీకి రక్తం తెచ్చే సన్నని నాళాలను బిగిస్తాయి. ఎండలో జీడితోటలోనో కొబ్బరితోటలోనో చెమటోడ్చి, నీళ్ళు చాలక ఉన్న ఒంటికి ఇది మరీ చెరుపు. ఉద్దానం కిడ్నీ జబ్బుకు మూలం ఏమిటో ఇంకా తేలలేదు. అందరి వేలూ నీళ్ళ వైపూ నేల వైపూ చూపుతుంటే, చేతిలో ఉన్న నొప్పి మాత్రను అనుమానించకుండా వదిలేయడం ఎలాంటి తెలివి?

"డయాలసిస్ మంచం మీద మనుషులుంటే తలనొప్పి గురించి రాస్తావా?" అని నన్నడిగేవాళ్ళుంటారు. వాళ్ళ బాధ నాకు తెలుసు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారంటే ఈ ప్రాంతం ఎంత చూసిందో చెప్పక్కర్లేదు. ఆ మంచం దాకా ఇంకొకరు రాకూడదనే రాస్తున్నాను.

ఎందుకంటే ఈ నొప్పికి కిడ్నీ జోలికి పోని వైద్యం ఉంది. ఆక్సిజన్. లండన్ వైద్యులు 2009లో ప్రచురించిన పరీక్షలో, నిమిషానికి 12 లీటర్ల చొప్పున మాస్కుతో పీల్చినప్పుడు పావుగంటలో నూటికి 78 విడతల్లో నొప్పి పోయింది లేదా బాగా తగ్గింది. మామూలు గాలికి 20. కోవిడ్ తర్వాత చిన్న ఆసుపత్రుల్లోకీ ఆక్సిజన్ వచ్చింది. ఇళ్ళలో వాడే 5 లీటర్ల యంత్రం దీనికి చాలదు, సిలిండరు కావాలి. బీడీ, అగ్గిపుల్ల దగ్గరకు రాకూడదు. విడతలు రాకుండా ఆపడానికి వెరాపమిల్ ఉంది, ఈసీజీ చూస్తూ నరాల డాక్టరు ఇవ్వాలి. మొదటిసారి వచ్చినవాళ్ళకు స్కాన్ కూడా తీయించాలి, వేరే జబ్బు కాదని తేల్చుకోవడానికి.

రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరుగారూ, నర్సమ్మా, ఒక కంట నీరు కారుతూ, కుదురుగా నిలబడలేని మనిషి వస్తే డైక్లోఫెనాక్ సిరంజి తీయకముందు అడగండి: ఒక పక్కేనా? రోజూ ఇదే వేళకా? అవునంటే ముందు మాస్కు పెట్టండి.