రాజముద్రలోంచి ఎవరిని దింపుదాం?

2008లో యు.ఏ.ఈ. తన రాజముద్ర మార్చుకుంది. అప్పటికి నేను దుబాయ్ వచ్చి రెండేళ్లయింది. 1973 నుంచీ డేగ గుండె మీద ఒక తెరచాప పడవ ఉండేది. దాన్ని తీసేసి జాతీయ జెండా, చుట్టూ 7 నక్షత్రాలు పెట్టారు. అందరికీ అది వార్త, మాకు పని. ఒక ప్రాజెక్టులో ఫారాలు, సర్టిఫికెట్లు, లెటర్‌హెడ్లు అన్నీ గాలించి, పాత బొమ్మ ఎక్కడ దాక్కుందో వెతికి మరీ మార్చాం.

పడవ పోయినందుకు నాకు కాస్త దిగులు వేసింది. చమురు పడకముందు ఈ నేలకి అన్నం పెట్టింది ఆ పడవే. ముత్యాలకి వెళ్లినా, సరుకుకి మన దేశం వచ్చినా దానిమీదే. కానీ కొత్త ముద్ర చూసి అజ్మాన్ వాడో, ఫుజైరా వాడో ‘నన్ను తీసేశారు’ అనుకునే అవకాశం లేదు. 7 ఎమిరేట్లకీ 7 నక్షత్రాలున్నాయి. కనుక ముద్ర మార్చడమే పాపం అని నేననను.

ఇక మన ఇంటి సంగతి. 2014లో ఏలె లక్ష్మణ్ గీసిన తెలంగాణ ముద్రలో కాకతీయ తోరణం, దాని లోపల చార్మినార్, పైన సింహాలు. పేరు తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషుల్లో. 2024 ఫిబ్రవరిలో దాన్ని మార్చాలని మంత్రివర్గం నిర్ణయించింది. తోరణం, చార్మినార్ రాచరికపు ఆనవాళ్లట. జూన్ 2న కొత్తది వస్తుందన్నారు. గొడవయింది, వాయిదా పడింది.

రాచరికం వద్దంటే సరే. మరి పైనున్న సింహాలు ఎవరివండీ? అశోకుడు ఏ ఎన్నికల్లో గెలిచాడు? ఆ సింహాలు మన గణతంత్రానివైనప్పుడు, ఓరుగల్లు కోటలో రాళ్లు చెక్కినవాళ్ల తోరణం, 1591 నుంచీ నీడన గాజులమ్ముకునేవాళ్లని బతికిస్తున్న చార్మినార్ ఇంకా రాజులవే ఎలా అవుతాయి?

ఆ రోజుల్లోనే ఒక రాత్రి దేరాలో టాక్సీ ఎక్కాను. డ్రైవరు పాతబస్తీ మనిషి. రేడియోలో వార్త విని, “ఏం అన్నా, చార్మినార్ తీసేస్తరట గద! మరి మేం ఎక్కడోళ్లమని చెప్పుకోవాలె?” అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ నాకు నవ్వు రాలేదు. నాది హనుమకొండ. తోరణం తీసేస్తే నేనూ అదే అడగాలి. ఇద్దరం ఒకే గుండ్రంలో ఉన్నామన్న ధైర్యమే ఆ ముద్ర.

అమరవీరులకు చోటు కావాలన్నది న్యాయమైన మాట. 1969లో నేలకొరిగినవాళ్ల గన్‌పార్కు స్తూపాన్ని ముద్రలోకి తెండి, ఎవరు కాదంటారు? కానీ వాళ్లు ప్రాణాలిచ్చింది ఈ నేలలో అందరికీ వాటా కోసం. వాళ్ల పేరు చెప్పి ఇంకొకరిని దింపెయ్యడం వాళ్లకు మర్యాద కాదు.

మా వృత్తిలో ఒక నియమం ఉంది. పనికిరాదనిపించిన దాన్ని చెరిపేముందు, దాని మీద ఎవరు ఆధారపడి ఉన్నారో కనుక్కోవాలి. కనుక్కోకుండా చెరిపితే అర్ధరాత్రి ఫోన్ మోగుతుంది. ఆ ఫైలు మళ్లీ ఎవరు తెరిచినా, ఏ పార్టీవారైనా, ముందు ఆ టాక్సీ డ్రైవర్లాంటి వాళ్లని అడగండి. చేర్చడానికైతే చేర్చండి. దింపడానికి మాత్రం ఎవరికీ హక్కు లేదు.