నిర్మాణ స్థలి ముచ్చట్లు: కూలి చేతికందే వరకు

గత సంచికలో కాంక్రీటుకు నీరు కట్టే విషయమై ముచ్చటించాము. తగినన్ని రోజులు నీరు కట్టని కాంక్రీటు పైకి ఎంత నునుపుగా కనిపించినా లోపల బలహీనంగానే మిగిలిపోతుందని చెప్పుకున్నాము. ఈ సంచికలో ఆ కాంక్రీటు మోసిన చేతులకు ముట్టవలసిన కూలిని గురించి నాలుగు మాటలు మనవి చేయదలచాము. ఇది లేబరు ఆఫీసరు గారి విషయమే గాని ఇంజనీర్ల విషయం కాదని కొందరు మిత్రులు అనవచ్చును. ఆ అభిప్రాయం సరికాదని మాకు అనుభవం నేర్పింది. ఆ అనుభవాన్నే నేడు దాపరికం లేకుండా పాఠకుల ముందుంచుతున్నాము.

మేము నివసించే ఈ కలకత్తా మహానగరం కూలి చేతులతో లేచిన నగరం. 1943లో రాకపోకలకు తెరచిన హౌరా వంతెన గాని, 1972 డిసెంబరు 29న శంకుస్థాపన జరిగి 1984 అక్టోబరు 24న ఎస్ప్లనేడ్, భవానీపూర్ స్టేషన్ల మధ్య దేశంలోనే తొలిసారిగా నడచిన భూగర్భ రైలు గాని, 2024 మార్చిలో హుగ్లీ నది అడుగున సుమారు 520 మీటర్ల సొరంగం గుండా ప్రయాణం ప్రారంభించిన మెట్రో గాని, అన్నియు ప్రజాధనంతో నిర్మించినవే. వీటి శిలాఫలకాల మీద ప్రముఖుల పేర్లు కనిపిస్తాయి. మట్టి తీసినవారి పేర్లు ఉండేది మస్టరు రోలులో మాత్రమే. ఆ మస్టరు రోలైనా సత్యం పలుకుతున్నదా అన్నదే మన ప్రశ్న.

సుమారు పాతికేళ్ళ క్రితం, ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఈ నగరంలోనే ఒక నిర్మాణ స్థలంలో మమ్ములను నియమించారు. ఆనాడు అమలులో ఉన్న కాంట్రాక్టు కార్మికుల చట్టం 1970లో వచ్చినది. ఆ చట్టం ప్రకారం కాంట్రాక్టరు కూలి పంచేటప్పుడు ప్రధాన యజమాని ప్రతినిధి ఎదుట నిలబడి చూడవలెను. చూచిన పిమ్మట, ఫలానా తేదీన, ఫలానా చోట, మా సమక్షంలో ఈ సొమ్ము చెల్లించబడినదని వేతనాల రిజిస్టరు చివర ధ్రువీకరించవలెను. ఆ ప్రతినిధిగా మా పేరు వ్రాశారు.

మొదటి నెల మేము వెళ్ళి నిలబడ్డాము. రెండవ నెల స్లాబు పని ఒత్తిడిలో ఉన్నామని రిజిస్టరును మా బల్ల వద్దకే పంపారు. అంకెలు సరిగానే ఉన్నవి, వేలిముద్రలూ ఉన్నవి. సంతకం చేశాము. ఆ విధంగా ఐదు నెలలు గడచినవి.

ఆరవ నెలలో ఒక రాత్రి స్లాబు పోస్తుండగా కొందరు కూలీలు టీ త్రాగుతూ తెలుగులో మాట్లాడుకోవడం మా చెవిన పడింది. శ్రీకాకుళం వైపు నుండి మేస్త్రీ వెంట వచ్చినవారు. మేము వారితో పనివేళలలో హిందీలోనే మాట్లాడేవారము గనుక మాకు తెలుగు వచ్చునని వారికి తెలియదు. రిజిస్టరులో వ్రాసిన కూలిలో రోజుకు పది రూపాయలు మేస్త్రీ పట్టుకుంటున్నాడని ఒకడు వాపోయాడు. అడగరాదా అన్నాడు మరొకడు. దానికి మొదటివాడు ఇచ్చిన సమాధానం నేటికీ మా చెవులలో ఉన్నది. "ఆ బాబు సంతకం పెట్టీసినాడు గదా, ఇంక మనం ఎవుల్ని అడగాల?"

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని సామెత. ఇక్కడ పూజారి మేస్త్రీ ఒక్కడే కాదని, రెండవ పూజారిమి మేమేనని ఆ రాత్రి మాకు తెలిసివచ్చింది. కూలీకి రక్షణగా చట్టం పెట్టిన సంతకమే అతని నోటికి తాళమైనది.

మరునాడు జరిగినదంతా పై అధికారికి వ్రాతపూర్వకంగా నివేదించి, మా తప్పును కూడా అందులోనే ఒప్పుకున్నాము. నడుస్తున్న బిల్లు ఆగింది. కాంట్రాక్టరు మా ఎదుట బకాయిలు లెక్కగట్టి పంచాడు. అయితే అప్పటికి తొమ్మండుగురు వరికోతలకని స్వగ్రామాలకు వెళ్ళిపోయారు. వారికి మనియార్డర్లు పంపించాము. మూడు తిరిగి వచ్చినవి. చిరునామాదారు లేడని తపాలావారు వ్రాసిన ఆ మూడు కాగితాలు చాలాకాలం మా సొరుగులో ఉండేవి.

ఇది మా ఒక్కరి కథ కాదు. 1982లో ఢిల్లీలో జరిగిన ఆసియా క్రీడల నిర్మాణాల సందర్భంగా ఇదే వ్యవహారం సర్వోన్నత న్యాయస్థానం ముందుకు వచ్చింది. ప్రజాస్వామిక హక్కుల సంస్థ ఒకటి వ్రాసిన లేఖనే న్యాయస్థానం రిట్ పిటిషనుగా స్వీకరించింది. రోజుకు 9 రూపాయల 25 పైసల కనీస వేతనంలో జమాదారులు తలకు ఒక రూపాయి కమీషను మినహాయించుకుంటున్నారని, స్త్రీలకు 7 రూపాయలే దక్కుతున్నవని అందులో ఫిర్యాదు. కూలీలు కాంట్రాక్టరు మనుషులే గనుక తమకు బాధ్యత లేదన్న వాదనను న్యాయస్థానం అంగీకరించలేదు. 1982 సెప్టెంబరు 18న న్యాయమూర్తి పి.ఎన్. భగవతి వెలువరించిన తీర్పులో, కనీస వేతనం కంటె తక్కువకు చేయించుకొనే పని రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన నిర్బంధ శ్రమయే అని స్పష్టం చేశారు. ఆకలి కూడా ఒక సంకెలయే అన్నది ఆ తీర్పులోని సారాంశం. మరుసటి సంవత్సరం రాజస్థాన్ కరవు పనుల కేసులోనూ ఇదే సూత్రాన్ని అన్వయించారు. సహాయం పేరిట పని ఇచ్చినంత మాత్రాన కూలి తగ్గించే హక్కు ప్రభుత్వానికి కూడా రాదన్నమాట.

ప్రజాధనంతో జరిగే పనులకు కూలి నిబంధన జోడించాలన్న ఆలోచన మన దేశానికే పరిమితం కాదు. 1891లోనే బ్రిటిష్ కామన్స్ సభ న్యాయమైన వేతనాల తీర్మానం చేసింది. అమెరికాలో 1931లో డేవిస్, బేకన్ అను ఇద్దరు శాసనకర్తల పేరిట ఒక చట్టం వచ్చింది. బేకన్ గారి నియోజకవర్గంలో ప్రభుత్వ ఆసుపత్రి కట్టడానికి అలబామా నుండి వచ్చిన కాంట్రాక్టరు తక్కువ కూలికి పనివారిని వెంట తెచ్చుకోవడమే దానికి నాంది. రెండు వేల డాలర్లకు మించిన ఫెడరల్ నిర్మాణ కాంట్రాక్టులలో ఆ ప్రాంతంలో వాడుకలో ఉన్న కూలికి తగ్గకుండా ఇవ్వవలెనని, వారం వారం ధ్రువీకరించిన కూలి పట్టికలు సమర్పించవలెనని అక్కడి నియమం. మన కేంద్ర ప్రజాపనుల శాఖ కాంట్రాక్టు షరతులలోని 19బి నిబంధన కూడా న్యాయమైన వేతనం చెల్లింపును గురించినదే. దేశాలు వేరైనా భయం ఒక్కటే. తక్కువ టెండరు వేసినవాడికి పని ఇస్తే, ఆ తగ్గింపు ఎవరి కడుపు కొట్టి తెచ్చాడన్నదే ఆ భయం.

ఇంజనీర్లమైన మనకు లెక్క చెబితేనే నమ్మకం కలుగుతుంది. 2024 అక్టోబరు 1 నుండి వర్తించేట్లు కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన రేట్ల ప్రకారం, కలకత్తా వంటి 'ఎ' ప్రాంతంలో నిర్మాణ పనులలో నైపుణ్యం లేని కార్మికునికి రోజుకు 783 రూపాయలు, కొంత నైపుణ్యం గలవానికి 868, నైపుణ్యం గలవానికి 954, అత్యంత నైపుణ్యం గలవానికి 1,035. ఒక కాంట్రాక్టరు 783కు బదులు 700 ఇచ్చాడనుకుందాము. మనిషికి రోజుకు 83 రూపాయలు. ఇరవై ఆరు రోజులకు 2,158. అరవై మంది కూలీలుంటే నెలకు 1,29,480 రూపాయలు. ఇక రెండవ మార్గం మరింత సూక్ష్మమైనది. నైపుణ్యం గల తాపీమేస్త్రీని రిజిస్టరులో మజ్దూరుగా చూపిస్తే చాలును. రేటు చట్టబద్ధంగానే కనిపిస్తుంది గాని అతనికి రోజుకు 171 రూపాయలు, నెలకు 4,446 రూపాయలు నష్టం. ఒక కుటుంబం బియ్యానికి, పిల్లవాని చదువుకు ఆ మొత్తం ఎంతో పాఠకులే ఊహించగలరు.

ప్రస్తుత చట్టస్థితిని కూడా క్లుప్తంగా తెలుసుకోవడం అవసరం. 1948 నాటి కనీస వేతనాల చట్టం స్థానంలో 2019 నాటి వేతనాల స్మృతి, 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం స్థానంలో 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల స్మృతి వచ్చినవి. ఇవి 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చినవి. కాంట్రాక్టు కార్మికుల నిబంధనలు పూర్వం ఇరవై మంది ఉన్నచోట వర్తించేవి. ఇప్పుడు ఆ సంఖ్య యాభై. అయితే యాభైకి తక్కువైనంత మాత్రాన కనీస వేతనం ఎగవేయవచ్చునని అర్థం కాదు. వేతనాల స్మృతికి అట్టి సంఖ్యా నియమం లేదు. కూలిని బ్యాంకు ద్వారా చెల్లించి ఆ సమాచారం ప్రధాన యజమానికి తెలియజేయడం కాంట్రాక్టరు విధి. అదనపు గంటలకు రెట్టింపు రేటుకు తగ్గరాదు. కాంట్రాక్టరు చెల్లించని యెడల ప్రధాన యజమానియే చెల్లించి, అతని నుండి రాబట్టుకొనవలెనన్న మూలసూత్రం చెక్కుచెదరలేదు. అనగా చట్టాల పేర్లు మారినవి గాని మన బాధ్యత మారలేదు.

బ్యాంకు ద్వారా చెల్లిస్తున్నారు గనుక ఇక మోసానికి తావులేదని కొందరు యువ సహోద్యోగులు మాతో అంటుంటారు. కాగితం స్థానంలో కంప్యూటరు వచ్చినది, అంతే. నలభై మంది ఏ.టి.ఎం. కార్డులు ఒకే మేస్త్రీ సంచిలో ఉంటే ఖాతాలోని అంకె ఎవరి సొమ్ము? అందుచేత మా స్వానుభవం మీద కొన్ని సూచనలు మనవి చేస్తున్నాము.

మొదటిది, గేటు రిజిస్టరును వేతనాల రిజిస్టరుతో నెలకొకసారైనా సరిపోల్చండి. గేటులో యాభై రెండు తలలు, రిజిస్టరులో నలభై ఒకటి ఉంటే ప్రశ్నించండి. రెండవది, మేస్త్రీ లేని సమయంలో నలుగురైదుగురిని విడివిడిగా పలకరించి, ఇంటికి ఎంత పంపుతున్నారని అడగండి. కూలి ఎంత అని అడిగితే నేర్పిన అంకె చెబుతారు, ఇంటికి పంపే సొమ్ము అడిగితే నిజం చెబుతారు. మూడవది, రేట్ల ప్రకటన కూలీలకు తెలిసిన భాషలో ఉన్నదా చూడండి. ఆనాడు మా స్థలంలో ఆంగ్లం, హిందీ, వంగ భాషలలో బోర్డు ఉండేది. చదవవలసిన వారికి వచ్చినది తెలుగు ఒక్కటే. ఆ ఘటన తరువాత మేమే కుంచె పట్టి నాలుగు పంక్తులు తెలుగులో వ్రాశాము. నాల్గవది, అసాధారణంగా తక్కువ టెండరు వచ్చినపుడు రేటు విశ్లేషణ అడిగి, అందులో కూలి భాగం కనీస వేతనానికి సరిపోతున్నదో లేదో లెక్కించండి. రేట్లు ఏప్రిల్, అక్టోబరు నెలలలో మారుతుంటాయి గనుక తాజా ప్రకటనను దగ్గర ఉంచుకోండి.

కాంక్రీటు ఘనం పగిలేదాకా యంత్రం వద్ద నిలబడి చూడనిదే మనం పరీక్షా ఫలితం మీద సంతకం చేయము. చేస్తే అది నేరమని మనకు తెలుసు. పునాది కొలత టేపు పట్టి చూడనిదే కొలతల పుస్తకంలో వ్రాయము. మరి మనిషి కూలి విషయంలో మాత్రం చూడకుండా సంతకం చేయడానికి చేయి ఎట్లా వస్తుంది? మాకు వచ్చినది. ఐదుసార్లు వచ్చినది. అందుకే ఈ మాట చెప్పే అర్హత మాకున్నదో లేదో గాని, అవసరం మాత్రం ఉన్నదని భావించాము.

ఈ పత్రికను ఇంటిల్లిపాదీ చదువుతారని మాకు తెలుసు. మన ఇంట గోడకు సున్నం వేసినవానికి సాయంకాలం లెక్క తెమల్చకుండా "రేపు రా" అనే అలవాటు ఉంటే, అది కూడా ఈ వ్యాసానికి సంబంధించినదే.

వచ్చే సంచికలో వర్షాకాలంలో పునాది గోతుల రక్షణ గురించి ముచ్చటించుకుందాము.